ఉషశ్రీ భారతము - ఇంటి తగవు

“సంసారము గుట్టు, రోగము రట్టు” అని మన పెద్దలు సామెత చెప్పిరి. ఇంటిలోని మాట గడప దాటరాదనియు, ఒంటిలోని వ్యాధిని మాత్రము దాచరాదనియు దాని భావము. వివేకముగల మాటయే. కాని సంసారమే రోగమైనచోట నేమి చేయవలెనో ఆ సామెత చెప్పదు. భర్త చేతి దెబ్బను గుట్టని యెంచవలెనా, రోగమని యెంచవలెనా? చెల్లెలి భాగమును దిగమ్రింగిన యన్న చేష్టను ఇంటిమాట యని కప్పిపుచ్చవలెనా, పదుగురిలో పెట్టవలెనా? గుట్టను మాట చాటున మన యాడువా రెందఱో నోరు మూసికొని జీవితములు వెళ్లబుచ్చిరి. నేడు రట్టను మాట చాటున ఎన్నియో సంసారములు తెఱమీది వినోదములగుచున్నవి. ఈ రెంటి నడుమ దారి యెక్కడనున్నది?

ఇది న్యాయస్థానములకును సంఘసంస్కర్తలకును సంబంధించిన ప్రశ్న యనియు, సాహిత్యపత్రికలో దీనికి తావు లేదనియు కొందఱనవచ్చును. కాని ఒక యింటి తగవును పదిమందికి చెప్పుట మొదటినుండియు సాహిత్యకార్యమే. చెప్పువాడెవడు, ఏ గొంతుకతో చెప్పుచున్నాడు, విన్నవారినుండి యేమి కోరుచున్నాడు, అను మూడు విషయములను బట్టియే దాని మంచిచెడ్డలు తేలును. వీనిని పరిశీలించుటకు కృష్ణాతీరవాసులు చక్కగా నెఱిగిన యొక ప్రసారకుని కృషిని తీసికొందము.

విజయవాడకును తెనాలికిని నడుమ రైలుదారిమీద దుగ్గిరాల యున్నది. పసుపు వ్యాపారమునకు పేరుగాంచిన యూరు. కృష్ణపై 1855లో ఆనకట్ట ముగిసినది మొదలు కాలువనీరు పాఱి, సెంటు భూమికి సైతము విలువ గలిగిన ప్రాంతమిది. భూమి విలువతోపాటు పంపకముల తగవులును పెరుగుట సహజము. గట్టు జరుపుకొన్న యన్నదమ్ములు, పుట్టింటి గడప త్రొక్కరాని యాడుబిడ్డ, వీలునామా చెల్లదని వ్యాజ్యెమాడు దాయాది - వీరు డెల్టాలోని యే యూరికిని క్రొత్తవారు గారు. 1938 జూన్ నెలలో మదరాసు రేడియోకేంద్రము వెలసినప్పటినుండి తెలుగుమాట గాలిలో వినవచ్చుచునే యున్నను, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము తెఱవబడిన పిమ్మటనే ఆ మాట ఈ పల్లెలకు పొరుగింటి మాట యయ్యెను. ఆ కేంద్రమునుండి వినవచ్చిన గొంతుకలలో ఉషశ్రీ గొంతుకను ఆ కాలపు శ్రోతలు నేటికిని మఱవలేదు.

ఉషశ్రీ యనునది కలము పేరు. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. గోదావరీతీరమునందలి కాకరపర్రున 1928లో జన్మించి 1990లో గతించిరి. కథలును నవలలును వ్రాసి, పత్రికలలో పనిచేసి, పిదప ఆకాశవాణిలో ప్రవేశించిరి. 1970ల దశకమునుండి విజయవాడ కేంద్రమున వారు చెప్పిన రామాయణ భారతములును, శ్రోతల యుత్తరములకు సమాధానములిచ్చిన “ధర్మసందేహాలు” అను కార్యక్రమమును, భద్రాచల కల్యాణమునకు చేసిన ప్రత్యక్షవ్యాఖ్యానమును వారి కీర్తికి మూలములు. వారి రామాయణ భారతములను తిరుమల తిరుపతి దేవస్థానమువారు గ్రంథములుగా ప్రకటించిరి. ఆదివారపు మధ్యాహ్నము అన్నము ముందు పెట్టుకొని రేడియో దగ్గఱ కూర్చున్న యిండ్లు డెల్టాలో కొల్లలు.

వారు చెప్పినది పుణ్యకథ యని మనము తేలికగా అనుకొందుము. కాని భారతమును పైపూత తీసి చూచినయెడల అది యొక కుటుంబపు ఆస్తి తగవు. తండ్రి లేని యన్నదమ్ములైదుగురు. తండ్రి కన్నులు లేనివాడైన పినతండ్రి పెదతండ్రి బిడ్డలు నూర్వురు. పంపకమున కొప్పుకొనని పెద్దకుమారుడు. పుత్రమోహమున నోరు మెదపని తండ్రి. అన్నియు నెఱిగియు అన్నము తిన్న యింటికి కట్టుబడిన తాత. మధ్యవర్తి వచ్చి అయిదూళ్లయిన నిమ్మని యడుగుట, సూదిమొన మోపినంత చోటైన నీయనని యవతలివాడనుట, ఇవన్నియు మన గ్రామములలోని పెద్దమనుష్యుల పంచాయితిలో వినవచ్చు మాటలే. తిరుపతి వేంకటకవుల “పాండవోద్యోగవిజయములు” పల్లెపల్లెను ఆడుటకు ఆ పద్యముల సొగసొక కారణమైన, చూచువారి యిండ్లలో అట్టి వ్యాజ్యెమొకటి నడచుచుండుట రెండవ కారణము.

మఱియు తెనాలి ప్రాంతమువారు ఈ వ్యాజ్యెమున ఒక పక్షమునే వినినవారు గారు. తెనాలిలో సూతాశ్రమము నెలకొల్పిన త్రిపురనేని రామస్వామిచౌదరిగారు (1887-1943) “కురుక్షేత్రసంగ్రామము” వ్రాసి, రాజ్యమున పాండవులకు హక్కు లేదనియు, సుయోధనుడు నిందకు తగినవాడు గాడనియు వాదించిరి. తండ్రి యిట్లు పురాణములపై ఎదురువాదము నడపగా, కుమారుడు గోపీచంద్ తరువాతి కాలమున ఆకాశవాణిలోనే ఉద్యోగించెను. ఒకే పట్టణపు గాలిలో భారతమునకు వాదియు ప్రతివాదియు నుండిరన్నమాట. ఇట్టి శ్రోతలయెదుట కురుకుటుంబపు తగవు చెప్పుట సులభము గాదు. విన్నవాడు తల యూపుటకు కాక తర్కించుటకు అలవాటుపడినవాడు.

ఉషశ్రీ నేర్పు ఇక్కడనే కలదు. హరికథకునివలె వారు తాళముపై నాధారపడలేదు. పౌరాణికునివలె పద్యమున కర్థము చెప్పి యూరకుండలేదు. ఇంటిపెద్ద యొకడు అరుగుమీద కూర్చుండి పదిమందికి జరిగినది చెప్పుచున్నట్లు, చిన్నచిన్న వాక్యములతో, శిష్టవ్యావహారికమున చెప్పిరి. వాక్యమునకును వాక్యమునకును నడుమ వారు విడిచిన నిశ్శబ్దము ముఖ్యమైనది. రేడియోలో బొమ్మ లేదు. ద్రౌపది కన్నీరు శ్రోతకు కనబడదు. ఆమె జుట్టుముడి వీడుట కనబడదు. కనబడనిదానిని శ్రోత తన మనస్సులో కల్పించుకొనవలెను. కల్పించుకొనుటకు తాను చూచిన యాడువారి ముఖములే యాధారము. తల్లియో, అక్కయో, పొరుగింటి కోడలో ఆ సభలో నిలువబడినట్లగును. అందుచేత ఆ కథ హస్తినాపురమున జరిగినదిగా నుండక తన యింట జరిగినదిగా మాఱును. వినోదముగా మొదలైనది ఆత్మపరీక్షగా పరిణమించుటకు ఈ చూపులేమియే సాయపడినది.

అయినను లోపమును చెప్పక తప్పదు. “ధర్మసందేహాలు” కార్యక్రమమున శ్రోత ప్రశ్న వేయుట, ప్రసారకుడు తీర్పు చెప్పుట అను పద్ధతి యుండెను. కొంటె ప్రశ్నలకు వారు వేసిన చురకలను జనులు మెచ్చుకొనిరి. కాని చురక సమాధానము గాదు. సంశయించువాడు మూర్ఖుడను భావము ఆ కంఠగాంభీర్యము చాటున నప్పుడప్పుడు తొంగిచూచినది. గ్రంథమున నేమున్నదో వారు చెప్పగలిగినంత తేటగా, గ్రంథమున నున్నది నేటి యింటికి ఎంతవఱకు తగునో చెప్పలేదు. ధర్మరాజు భార్యను పణమొడ్డినాడన్న విషయమున పురాణజ్ఞుడు కాలధర్మమును సాక్ష్యము తెచ్చును. సంస్కారపక్షమువారు అడుగునది వేఱు: ఆ కాలధర్మము ఈ కాలపు గడపలలో ఇంకను ఎట్లు కాపురముండుచున్నదని. ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగమిచ్చు సవరణము ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండియు, దేశమంతటను 2005లోను అమలునకు వచ్చినది. కురువంశపు పంపకమున ఆడుబిడ్డ దుస్సలకు భాగమేమని యడుగు శ్రోత ఆ తరమువాడే. ఆ ప్రశ్నకు చోటీయగల కార్యక్రమమే యది. ఆ చోటు చాలినంతగా విస్తరింపలేదు.

ఇంటి తగవును పదిమందికి చెప్పు మఱియొక పద్ధతిని చూచుటకు దుగ్గిరాలనుండి దూరము పోనక్కఱలేదు. తెనాలి సమీపమునందలి సంగం జాగర్లమూడిలో 1898లో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావుగారు బందరులో బడిపంతులుగా పనిచేయుచు “కాంతం కథలు” వ్రాసిరి. తరువాత వారును ఆకాశవాణిలో పనిచేసిరి. వారి కథలలో ఆలుమగల కలహము లేని పుట దాదాపు లేదు. ఆ కలహమును లోకమునకు చెప్పినను ఇల్లు చెడలేదేల? చెప్పువాడు నవ్వినది తనమీద గావున. భర్త యోడిపోవును, భార్య మాట నెగ్గును, పాఠకుడు తన యింటికి పోయి తన భార్యవంక కొంత మెత్తగా చూచును. ఈ మార్గమున విషము లేదు. కాని కలము భర్తచేతిలోనే యున్నదనియు, కాంతము పలికినదంతయు ఆ కలము పలికించినదే యనియు మఱవరాదు. నవ్వదగిన కలహమునకే ఈ పద్ధతి చెల్లును. ఏడువదగిన కలహమునకు చాలదు.

మూడవ పద్ధతి మన కాలమునది. 1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వచ్చెను; 1990ల దశకమున ప్రయివేటు తెలుగు ఛానెళ్లు వచ్చెను; ఆ తరువాత ఇంటి తగవునే నేరుగా తెఱమీదికి దెచ్చు కార్యక్రమములు పుట్టినవి. జీ తెలుగులో ప్రసారమైన “బతుకు జట్కాబండి” వీనిలో పేరుపడినది. దీపములు, కెమెరాలు, ఇరువైపుల బంధువులు, నడుమ పేరొందిన నటీమణి. భర్త యొకటి చెప్పును, భార్య యొకటి చెప్పును, అత్త యేడ్చును, అల్లుడు లేచును. తెఱమీద తీర్పువంటిది యొకటి వినబడును. ఆ తీర్పునకు చట్టబలము లేదు. ఇప్పుడది కూడ పాతబడినది. సెల్‌ఫోను ప్రతివాని చేతిలో నుండుటచే స్టూడియోతో పనిలేకయే తండ్రిమీద కుమారుడు, కుమారునిమీద తండ్రి, అక్కమీద తమ్ముడు వీడియోలు పెట్టుచున్నారు. ప్రసారకుడును కక్షిదారుడును ఒకడే యైనాడు.

ఈ మూడవ పద్ధతిని మొదటి రెంటినుండి వేఱుపఱచునది సాంకేతికవిషయము గాదు. ఉషశ్రీ చెప్పిన కుటుంబము కథలోనిది. అది విని మనము మాఱవచ్చును గాని ఆ కుటుంబమునకు హాని లేదు. మునిమాణిక్యము చెప్పిన కుటుంబము నవ్వుచేత రక్షింపబడినది. తెఱమీది కుటుంబమునకు ఏ రక్షణయు లేదు. ప్రసారము ముగిసిన మఱునాడు ఆ కోడలు అదే వీథిలో నీళ్లకు పోవలెను, ఆ పిల్లవాడు అదే బడికి పోవలెను. కోపమున పలికిన మాటను మఱచుటయే సంసారమునకు సగము వైద్యము. వీడియో మఱవనీయదు. రాజీపడిన పిమ్మట గూడ పదేండ్లనాటి తిట్టు ఆ పిల్లవాని పెండ్లినాటికి తిరిగి మ్రోగగలదు.

ఇక్కడ భారతమే మనకొక ప్రమాణమిచ్చుచున్నది. సభాపర్వమున ద్రౌపది తన గతిని జెప్పి యేడ్చుటతో విడువలేదు. ఒక ప్రశ్న వేసినది. తన్ను తానోడినవాడు నన్నెట్లు ఒడ్డగలడని. అది ధర్మప్రశ్న, సభ సమాధానము చెప్పి తీరవలసినది. భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. కౌరవులలో వికర్ణు డొక్కడు ఆమె పక్షము పలికెను. విదురుడు ప్రహ్లాదుని వృత్తాంతము చెప్పి సభను హెచ్చరించెను: నిందింపదగినదానిని నిందింపని సభలో పాపమున సగము సభకు పెద్దయైనవానికి, నాల్గవవంతు చేసినవానికి, నాల్గవవంతు ఊరకున్న సభ్యులకు చెందునని వ్యాసభారతమునందలి లెక్క. ఈ లెక్క యెంత కఠినమో చూడుడు. చేసినవానికంటె సభానాయకునికే యెక్కువ భాగము.

ఈ లెక్కను నేటి తెఱకు కట్టి చూతము. సభానాయకుని స్థానమున కార్యక్రమకర్త కలడు. సభ్యుల స్థానమున లక్షలాది ప్రేక్షకులు కలరు. ద్రౌపది సభలోనివారికి మాట చెప్పు బాధ్యత యుండెను, ఆపగల శక్తియు నుండెను; వారు దానిని నెరవేర్పలేదు గనుక పాపులైరి. టీవీ ప్రేక్షకునికి బాధ్యతయు లేదు, శక్తియు లేదు; చూచుట యొక్కటే కలదు. బాధ్యత లేని సభను సమకూర్చి, అందు నొకరి దుఃఖమును నిలువబెట్టుట యీ పద్ధతిలోని మూలదోషము. ఈ దోషము ఫలానా కార్యక్రమకర్త స్వభావముచేత కలిగినది గాదు; ఎంత దయగలవారు కూర్చున్నను ఆ పీఠమునకు అంటియుండునది.

దీనికొక గట్టి యాక్షేపణ కలదు. “గుట్టు గుట్టని యింతకాలము అణచితిరి, ఇప్పుడు పేదయింటి స్త్రీ కొక వేదిక దొరకగానే మర్యాద లుపన్యసింతురా? వీరేశలింగము పంతులవారు 1874లో వివేకవర్ధని స్థాపించి, పెద్దమనుష్యుల దురాచారములను అచ్చువేసి బజారున పెట్టలేదా?” అని. ఈ యాక్షేపణను త్రోసివేయరాదు. ఠాణాలో వినని మాటను కెమెరా యెదుట చెప్పినపుడు అధికారులు కదలిన సందర్భములు లేకపోలేదు. కాని పంతులవారు బయటపెట్టినది ముఖ్యముగా ఆచారమును, అధికారదుర్వినియోగమును, కన్యాశుల్కమును, లంచమును. దెబ్బతిన్న స్త్రీని నిలువబెట్టి వివరములడుగలేదు. బలవంతుని దోషము బజారుకెక్కినచో సంస్కారము. బలహీనుని గాయము బజారుకెక్కినచో అది వేఱు సంగతి. ఈ రెండును ఒకే తెఱమీద కనబడుటచేత ఒకటే యని మనము భ్రమపడుచున్నాము.

చట్టము ఈ భేదమును గుర్తించినది. హిందూవివాహశాసనమునందలి 22వ విభాగము ప్రకారము ఆ శాసనముక్రింది విచారణ మూసిన తలుపుల వెనుకనే జరుగవలెను. ఆ విషయములను అచ్చువేయుట గూడ నిషిద్ధము. 1984 నాటి కుటుంబన్యాయస్థానముల చట్టమును, 2005 నాటి గృహహింస చట్టమును రహస్యవిచారణకు వీలు కల్పించినవి. అనగా తలుపు మూసినది తగవును అణచుటకు గాదు, వినుటకు. లోపల వినువానికి తీర్పు చెప్పు భారము కలదు. న్యాయస్థానమున దాచబడిన సంగతియే రాత్రి తొమ్మిదిగంటలకు తెఱమీద కనబడినచో ఆ చట్టమునకు ప్రాణమేమున్నది? అయితే ఒక మాట. కోర్టు వాయిదాలు ఏండ్లు గడచుచుండగా, వకీలు ఫీజు కట్టలేని స్త్రీ తెఱను వెదకికొనుట ఆమె తప్పు గాదు. స్త్రీ తెఱకెక్కుటను నిందించువారు ముందు ఆమెకు ఉచితన్యాయసహాయము అందుచున్నదో లేదో కనుగొనవలెను.

దేశాంతరమునుండి ఒక దృష్టాంతము. అమెరికాలో 1970 జూలైలో “అమెరికన్ టాప్ 40” అను పాటల కార్యక్రమము ప్రారంభించి, ఇంటింటి గొంతుకయైన కేసీ కేసమ్ అను ప్రసారకుడు కలడు. శ్రోతల యుత్తరములు చదివి, వారు కోరిన పాటను వారి ప్రియులకై వినిపించుట అతని ప్రత్యేకత. వార్ధక్యమున మెదడు జబ్బుచేత అతని కంఠమే పడిపోయెను. 2013లో మొదటి భార్య పిల్లలు, తండ్రిని చూడనీయుట లేదని అతని యింటియెదుట ఫలకములు పట్టుకొని నిలిచిరి. తగవు కోర్టులకును టీవీలకును ఎక్కెను. 2014 జూన్ 15న అతడు మరణించెను. అయినను శరీరము మట్టిచేరుటకు ఆ సంవత్సరము డిసెంబరు వఱకు పట్టెను. అదియు సముద్రము దాటి నార్వేలో. జీవితమంతయు ఇతరుల ప్రేమసందేశములు లోకమునకు వినిపించినవాని చివరిదినములు, తాను మాటాడలేక, తన వారి కలహముగా వినబడినవి.

ఈ దృష్టాంతమున ఒక మంచి కూడ కలదు. ఆ పిల్లల యుద్యమఫలితముగా, రోగియైన తలిదండ్రులను చూచుటకు పెరిగిన పిల్లలు కోర్టు నాశ్రయించు మార్గమును అమెరికాలోని కొన్ని రాష్ట్రములు చట్టము చేసినవి. రట్టు చేయుటవలన లాభమే కలిగినదిగదా యని యనవచ్చును. నిజమే. కాని లాభమిచ్చినది ఆ తగవులోని ఏ భాగము? పిల్లలకు తండ్రిని చూచు హక్కు కలదా యను భాగము. అది ద్రౌపది ప్రశ్నవంటిది. సమాధానము చెప్పగల సభ, అనగా శాసనసభ, దానికి దొరకినది. ఎవరు డబ్బునకాశించిరి, ఎవరు దుష్టులు అను మిగిలిన భాగమంతయు వార్తలకు మేతయైనది. దానివలన ఏ రోగియు బాగుపడలేదు.

కాబట్టి సామెతను కొట్టివేయనక్కఱలేదు, పూర్తిచేసికొనవలెను. సంసారము రోగమైనచో రట్టు చేయవలసినదే. అయితే వైద్యునియొద్ద రట్టు చేయవలెను గాని తిరునాళ్లలో గాదు. ఇంటి తగవు బయటికి వచ్చినపుడు అందు ప్రశ్న యున్నదా, కేవలము గాయమున్నదా యని చూడవలెను. ప్రశ్న యున్నచో సమాధానము చెప్పవలసిన సభ యేదో వెదకి అక్కడికి చేర్చుట పత్రికల పని, ప్రసారకుల పని. గాయము మాత్రమే యున్నచో కట్టు కట్టువారిని పిలిచి, తలుపు దగ్గఱగా వేయుట మర్యాద.

ప్రసారకులకు ఉషశ్రీనుండి నేర్వదగినది ఇంకను కలదు. పరుల తగవును చెప్పి శ్రోతను తన యింటివైపు చూడజేయుట కథకుని ధర్మము. భారతము విన్న రైతు మఱునాడు తమ్ముని గట్టు జోలికి పోకుండుటయో, చెల్లెలికి రావలసినది లెక్కచూచుటయో చేసినచో ఆ ప్రసారము సార్థకము. తెఱమీది కలహము చూచి “మన యిల్లు మేలు” అని నిట్టూర్చి నిద్రించినచో నిష్ఫలము. దుగ్గిరాల మొదలుకొని రేపల్లె వఱకు కాలువగట్ల వెంట నున్న యిండ్లలో భాగములందని యాడుబిడ్డ లింకను కలరు. వారి సంగతి ఏ ఛానెలునకును అక్కఱలేదు. వారు కేకలు వేయరు గావున. వారి ప్రశ్నను న్యాయసహాయసంఘమునకు చేర్చు గ్రంథాలయము, మహిళాసంఘము, పత్రిక మన యూళ్లలో ఎన్ని కలవో లెక్కించుకొని, లేనిచోట నేర్పఱచుట మన పాఠకులు చేయదగిన పని.